తుప్పు తిన్న రేకు మార్చేటప్పుడు జిగురా, రివెట్టా?

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో తిరువొత్తియూరు నుంచి తిరువాన్మియూరు దాకా సముద్రపు గాలి తగిలే వీధుల్లో నిలిపే బండికి డోరు అడుగు, వెనక చక్రం పై వంపు ఊరికే తుప్పు పడతాయి. అక్కడ కొత్త రేకు వెల్డింగు చేస్తే ఆ వేడికి చుట్టూ ఉన్న జింకు పూత, లోపలి పెయింటు కాలిపోతాయి. చేయి దూరని ఆ వెనక వైపు నుంచే మళ్లీ తుప్పు మొదలవుతుంది. అందుకే జిగురు, రివెట్ల గురించి ఆలోచించాలి.

అతికించిన రెండు రేకులను పక్కకు జరపబోతే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు గట్టిగా నిలుస్తుంది. అంచు పట్టుకుని స్టిక్కరులా పైకి లేపితే మాత్రం అదే ఎపాక్సీ ఊడిపోతుంది. రివెట్టు అంచును లేవనివ్వదు. కానీ భారమంతా రంధ్రాల దగ్గరే పడుతుంది, రెండు రివెట్ల మధ్య సందులోకి ఉప్పునీరు దూరుతుంది. కాబట్టి అతుకు పొడవునా ఎపాక్సీ, చివరల్లో, మూలల్లో రివెట్లు, ఇదే మా సలహా.

బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేట బజారులో రివెట్లు అడిగేటప్పుడు సైజుతో పాటు లోహం కూడా చెప్పండి. చెన్నై గాలిలో ఇది చాలా ముఖ్యం. ఇనుప రేకుకు అల్యూమినియం రివెట్టు వేస్తే, ఉప్పు తడి తగిలినప్పుడల్లా ఆ చిన్న రివెట్టే తినుకుపోతుంది. అల్యూమినియం రేకుకు స్టీలు రివెట్టు వేస్తే రంధ్రం చుట్టూ రేకు తెల్లటి పొడిగా రాలుతుంది. ఇనుముకు జింకు పూత ఉన్న స్టీలు, అల్యూమినియానికి అల్యూమినియం వాడండి. పాప్ రివెట్టు అంటే ఒక వైపు నుంచే లాగి బిగించే రివెట్టు; 4.8 మిల్లీమీటర్ల దానికి 4.9 డ్రిల్ బిట్టు, రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం 10 మిల్లీమీటర్లు. మామూలు పాప్ రివెట్టు మధ్యలోంచి నీరు కారవచ్చు, వెనక మూసి ఉన్న రకం తీసుకోండి.

మెరిసే లోహం తగిలేదాకా తుప్పు కోసేసి, 25 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా రేకు కత్తిరించండి. జిగురు లేకుండానే ఒకసారి అమర్చి, రంధ్రాలన్నీ వేసి, వాటి అంచుల్లో లేచిన లోహపు గరుకు గీకేయాలి. జిగురు పడే చోట పాత పెయింటు ఉంచితే అతుకు బలం ఆ పెయింటు బలమే. 80 నంబరు ఎమరీతో రుద్ది, అసిటోన్ అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఈ ఊరి తేమకు రుద్దిన ఇనుము త్వరగా ఎర్రబారుతుంది, కాబట్టి ఆ పూటే అతికించాలి. రెండు భాగాలను కలిపే నాజిల్ నుంచి మొదట వచ్చే జిగురు సరిగా కలిసి ఉండదు, 5 సెంటీమీటర్లు పారేయండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే జిగురు గట్టిపడేలోపు పని చేసుకునే సమయం దాదాపు సగమవుతుంది. మే నెలలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. క్లాంపులు మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకులో జిగురే మిగలదు.

పుల్లటి వాసన వచ్చే సిలికాన్ అసలు వద్దు. అది ఇనుమును తినేస్తుంది, పైన పెయింటూ పట్టదు. పైకప్పును మోసే పిల్లర్లు, డోరు కింద బాడీకి ఉండే గట్టు, ఛాసిస్ ప్రమాదంలో ప్రాణం కాపాడే భాగాలు. అక్కడ బండి కంపెనీ రిపేరు పుస్తకం చెప్పిన పద్ధతే చేయించాలి.

డోరు అడుగున నీరు కారే రంధ్రాలు జిగురుతో మూసుకుపోలేదని చూసుకుని, అతుకు పూర్తిగా ఆరాక లోపలికి తుప్పు ఆపే మైనం స్ప్రే కొట్టించండి.