బడ్జెట్ తక్కువైనప్పుడు టీవీ: ముందు ప్యానెల్ చూడండి

అందరికీ నమస్కారం.

నేను టీవీలు రిపేరు చేసే పనిలో ఉన్నాను. నా బల్ల మీదకు వచ్చే టీవీ ఎప్పుడూ వెనక మూత తీసే కనిపిస్తుంది కాబట్టి, ఈ విషయాన్ని కూడా లోపలి నుంచే మొదలుపెడతాను. ఈ మాటలు ముఖ్యంగా కొద్దికొద్దిగా కూడబెట్టి టీవీ కొనేవాళ్ల కోసం. వాళ్లు ఒకసారి కొన్నారంటే ఏళ్ల తరబడి దానితోనే సర్దుకోవాలి.

మూత తీస్తే లోపల ఉండేవి చాలా తక్కువ. ముందువైపు ప్యానెల్, అంటే తెర. దాని వెనక వెలుగునిచ్చే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు. ఒక పవర్ బోర్డు, ఒక మెయిన్ బోర్డు, రెండు చిన్న స్పీకర్లు. బోర్డు పాడైతే మార్చొచ్చు. స్ట్రిప్‌లు కాలిపోతే కొత్తవి వేయొచ్చు. స్పీకర్లు చాలకపోతే బయట నుంచి పెట్టుకోవచ్చు. ప్యానెల్ పగిలితే మాత్రం, దాన్ని మార్చే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా వస్తుంది. అందుకే నేను అందరికీ ఒకటే చెబుతాను: తర్వాత మార్చుకోలేనిదాని మీద డబ్బు పెట్టండి, తర్వాత తగిలించుకోగలిగినదాని మీద పెట్టకండి.

ప్యానెల్‌లో మొదట చూడాల్సింది సైజు. షాపుకు వెళ్లే ముందే టేపు తీసుకుని, మీరు కూర్చునే చోటికీ తెర ఉండబోయే చోటికీ మధ్య దూరం కొలవండి. ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగిస్తే, సినిమా చూడటానికి హాయిగా ఉండే సైజు వస్తుంది. 70 అంగుళాల దూరానికి 43 అంగుళాల తెర, 88 అంగుళాలకు 55. అంతకంటే కాస్త చిన్నదైనా ఇబ్బందేమీ లేదు. మరీ చిన్నదైతే మాత్రం సబ్‌టైటిల్స్, స్కోరు కనబడవు. అలాగని ఒకే ధరలో మంచి 43, నాసిరకం 50 రెండూ దొరుకుతుంటే, నేనైతే 43 తీసుకోమంటాను.

ఇక 4కే గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. ఫుల్ హెచ్‌డీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను ఏర్పరిచే చుక్కలు, ఉంటాయి, 4కేలో దాదాపు 83 లక్షలు. వినడానికి నాలుగు రెట్లు. కానీ కంటి చూపుకు ఒక హద్దుంది. 43 అంగుళాల తెరను సుమారు 1.7 మీటర్లు దాటి చూస్తే, మామూలు చూపున్నవాళ్లకు ఈ రెండింటి తేడా దాదాపు తెలియదు. అదే 32 అంగుళాల తెరైతే, రెండు మీటర్ల దూరం నుంచి 1366×768 హెచ్‌డీ రెడీకీ ఫుల్ హెచ్‌డీకీ కూడా తేడా పట్టడం కష్టం. దాన్నే కంప్యూటర్‌కు తగిలించి దగ్గర నుంచి చదువుతామంటే మాత్రం ఫుల్ హెచ్‌డీ తీసుకోవాల్సిందే.

కన్ను వెంటనే పట్టేసేది పిక్సెళ్ల లెక్కను కాదు, నలుపును. రాత్రి సీన్‌లో చీకటి నిజంగా చీకటిగా ఉందా, బూడిద రంగులో వెలుగుతోందా? ఈ వెలుగుకూ చీకటికీ ఉన్న తేడానే కాంట్రాస్ట్ అంటారు. ఈ ధరల్లో దొరికే తెరలు దాదాపు అన్నీ ఎల్‌సీడీలే, అంటే వెనక నుంచి బ్యాక్‌లైట్ పడే తెరలే. వాటిలో రెండు రకాలు ఎక్కువ. వీఏ ప్యానెల్‌లో కాంట్రాస్ట్ మామూలుగా 3000:1, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. ఐపీఎస్‌లో 1000:1 దగ్గర ఆగుతుంది. వీఏలో నలుపు బాగుంటుంది గానీ, పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌ను ఏ పక్క నుంచి చూసినా రంగులు నిలుస్తాయి గానీ, లైట్లు ఆర్పేసిన గదిలో నలుపు తేలిపోతుంది. అందుకే అందరికీ సరిపోయే జవాబంటూ లేదు. రాత్రిపూట లైటు తీసేసి, ఎదురుగా కూర్చుని సినిమాలు చూసే ఇల్లయితే వీఏ. పగలంతా టీవీ నడిచి, నలుగురూ గదిలో తలా ఓ మూల కూర్చునే ఇల్లయితే ఐపీఎస్.

పెట్టె మీద ఈ సంగతి చాలాసార్లు రాయరు. పైగా ఒకే మోడల్ పేరుతో ఒక సైజులో ఒక రకం, ఇంకో సైజులో ఇంకో రకం ప్యానెల్ వేస్తుంటారు. కాబట్టి షాపులో మీరే చూసుకోవాలి. టీవీకి బాగా పక్కకు జరిగి మనుషుల ముఖాలు గమనించండి. చర్మం రంగు పాలిపోతే అది చాలావరకు వీఏ అయి ఉంటుంది.

క్యూఎల్‌ఈడీ అని పెద్దక్షరాలతో రాసి ఉంటే దాన్ని ఓఎల్‌ఈడీ అనుకోకండి. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతుంది, కనుక నలుపు పూర్తిగా నలుపే. క్యూఎల్‌ఈడీ మాత్రం ఎల్‌సీడీనే. వెలుగు దారిలో క్వాంటమ్ డాట్స్ పొర ఉండటం వల్ల రంగులు మెరుగవుతాయి, అంతే. నలుపు మెరుగవ్వాలంటే లోకల్ డిమ్మింగ్ ఉండాలి, అంటే బ్యాక్‌లైట్ భాగాలు భాగాలుగా తగ్గగలగాలి. మీ బడ్జెట్‌లో నిజమైన లోకల్ డిమ్మింగ్ ఉన్న టీవీ దొరికితే దాన్ని వదలకండి. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) అన్న ముద్ర చూసి మాత్రం అదనంగా ఏమీ ఇవ్వకండి. హెచ్‌డీఆర్ వీడియోలను చాలావరకు 1000 నిట్స్ (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. చవక టీవీ 300 నిట్స్ అటూఇటూగా ఆగిపోతుంది. సిగ్నల్‌ను తీసుకుంటుంది గానీ ఆ వెలుగును చూపలేదు.

స్మార్ట్ ఫీచర్ల విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. టీవీ కంటే ముందు ముసలిదయ్యేది దాని సాఫ్ట్‌వేరే. 1 జీబీ ర్యామ్‌తో కొన్నేళ్లకు యాప్‌లు నత్తనడక నడుస్తాయి, అప్‌డేట్లు ఆగిపోతాయి. తెర బాగానే ఉన్నా, యాప్‌లు తెరుచుకోవడం లేదని కొత్త టీవీకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టులో యాప్‌లు నడిపే ఒక చిన్న స్ట్రీమింగ్ స్టిక్ పెడితే సరిపోయేదానికి అంత ఖర్చు ఎందుకు? అందుకే కొనేటప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టులు లెక్కపెట్టండి. మూడుంటే మంచిది, వాటిలో ఒకటి ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని బయటికి పంపగలిగే పోర్టు) అయితే తర్వాత సౌండ్‌బార్ తగిలించుకోవచ్చు. సన్నటి టీవీలో మంచి స్పీకర్‌కు చోటే ఉండదు, కాబట్టి టీవీ ధ్వని గురించి చెప్పే గొప్పలను పట్టించుకోవద్దు.

షాపులో బొమ్మ చూసి మోసపోవడం చాలా తేలిక. అక్కడ దీపాలు ఎక్కువ, టీవీ రంగుల్ని ఎక్కువ చేసి చూపే వివిడ్ మోడ్‌లో ఉంటుంది, నడిచేది దాని కోసమే తీసిన మెరుపు వీడియో. మీకు బాగా తెలిసిన చీకటి సీన్ ఒకటి, ఆటల వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. మోడ్‌ను సినిమాకు మార్చమని అడిగి, అప్పుడు పెట్టి చూడండి. మామూలు ఛానల్ కూడా పెట్టమనండి, రోజూ చూసేది అదే కదా. కొత్త మోడళ్లు వచ్చే సమయంలో నిరుటివాటి ధర తగ్గుతుంది. అవి తీసుకోవడానికి వెనకాడకండి, ఒక్క ఏడాదిలో ప్యానెళ్లు పెద్దగా మారిపోవు.

ఇంటికి తెచ్చిన రోజే, వాపసు గడువు ఉండగానే, తెర నిండా ఒకే రంగు వచ్చేలా తెలుపు, నలుపు, ఎరుపు, బూడిద బొమ్మలు పెట్టి చూడండి. చచ్చిన పిక్సెళ్లు, మరకలు, చారలు అప్పుడే బయటపడతాయి. తర్వాత బ్యాక్‌లైట్‌ను తగ్గించండి. నా దగ్గరకు ఎక్కువగా వచ్చేది ఇదే ఫిర్యాదు: మాటలు వినిపిస్తాయి, బొమ్మ ఉండదు. చీకట్లో తెర మీద టార్చ్ వేస్తే బొమ్మ మసకగా కనిపిస్తుంది, అంటే ప్యానెల్ బతికే ఉంది, స్ట్రిప్‌లో ఎల్‌ఈడీ పోయింది. రోజంతా నూరు శాతం వెలుగులో నడిపితే ఆ రోజు తొందరగా వస్తుంది. గదికి సరిపడేంత తగ్గించుకుంటే కళ్లకూ హాయి, స్ట్రిప్‌లకూ ఆయుష్షు.

తుడిచేటప్పుడు తెర మీద నేరుగా ఏమీ స్ప్రే చేయకండి. ఆ తడి జారి కింది అంచులోకి దిగుతుంది. ప్యానెల్‌కు సిగ్నల్ తెచ్చే సన్నటి రిబ్బన్లు చాలా టీవీల్లో అక్కడే ఉంటాయి. అవి తడిసి తుప్పు పడితే నిలువు గీతలు వస్తాయి, వాటికి నా దగ్గర కూడా మందు లేదు. పొడి మెత్తని గుడ్డ చాలు.

ఇక మీరు అడగండి. గది దూరం ఎంతో, ఏం ఎక్కువగా చూస్తారో, ఏ మోడళ్లు అనుకుంటున్నారో చెప్పి అడిగితే నేరుగా జవాబు చెప్పగలను.