పెన్సిల్ ఎటు పోతోందో ఎవరు చూస్తున్నారు?

శ్రోతలకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచారంటే చాలు, ఏదో ఒక సాయంత్రం ఎవరో ఒక తల్లో తండ్రో మా ఇంటికి వస్తారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 29 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని కదా, అడగడానికి వీలుగా ఉంటానని. అందరూ అడిగేది ఒకటే. "పిల్లాడికి ట్యూషన్ పెట్టిద్దామనుకుంటున్నాం టీచర్ గారూ. ఆన్‌లైన్‌లో పెట్టమంటారా, ఎవరి దగ్గరికైనా పంపమంటారా?"

మొదట్లో నేనూ ఠక్కున చెప్పేసేదాన్ని, మనిషి దగ్గరికే పంపండి అని. ఇప్పుడు అలా చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే ఒక చిన్న తీసివేత లెక్కతో మొదలుపెట్టాలి. దగ్గర్లో కాగితం ఉంటే మీరూ వేసి చూడండి.

52 లోంచి 27 తీసేస్తే 25. మా వీధిలో నాలుగో తరగతి చదివే ఒక పిల్లాడికి మాత్రం 35 వచ్చేది. పైన 2 ఉంది, కింద 7 ఉంది. రెండులోంచి ఏడు పోదు. అందుకని వాడు ఏడులోంచి రెండు తీసి 5 వేసేవాడు. పక్కన ఐదులోంచి రెండు పోతే 3. మొత్తం 35. వాడి మనసులో ఒక సూత్రం స్థిరపడిపోయింది: పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి, అది పైన ఉన్నా కింద ఉన్నా సరే. పక్క స్థానం నుంచి పది అప్పు తెచ్చుకోవడం అనేది వాడికి ఎప్పుడూ ఎక్కలేదు.

వాడికి అప్పటికే ఆన్‌లైన్ ట్యూషన్ ఉంది. వారం వారం వాళ్లమ్మ ఫోన్‌కి రిపోర్ట్ వచ్చేది. 12 లెక్కల్లో 7 కరెక్ట్, 58 శాతం, మరింత ప్రాక్టీస్ అవసరం. అప్పు అక్కర్లేని లెక్కలన్నీ కరెక్టే కాబట్టి ఆ 7 వచ్చాయి. ఆ తల్లి టెన్షన్ పడి రోజూ ఇంకో 20 తీసివేతలు వేయించింది. వాడు పాపం బుద్ధిగా వేశాడు. ప్రాక్టీస్ చేసినకొద్దీ ఆ తప్పే చేతికి అలవాటైపోయింది.

అంతకుముందు ఆర్నెల్లు వాణ్ని పక్క వీధిలో ట్యూషన్‌కి పంపారు. అక్కడ టీచర్ ఎదురుగానే ఉండేవాడు. కానీ హాలు నిండా పిల్లలు, మూడు నాలుగు తరగతుల వాళ్లు ఒకేచోట. హోంవర్క్ జవాబులు బోర్డు మీద వేసేవాడు. మా వాడు 35 చెరిపేసి 25 రాసుకుని ఇంటికొచ్చేవాడు. నోటుబుక్కు చూస్తే అన్నీ రైటే.

నేను వాడి పక్కన కూర్చుని ఒక్క లెక్క వేయమన్నాను. పెన్సిల్ కింది ఏడు దగ్గర మొదలై పైకి వెళ్లడం చూశాను. పట్టుమని మూడు నిమిషాలు పట్టలేదు.

అప్పటి నుంచి నన్నెవరైనా అడిగితే తిరిగి ఒక ప్రశ్న అడుగుతున్నాను. మీ పిల్లాడు తప్పు చేస్తున్న ఆ క్షణంలో వాడి పెన్సిల్ ఎటు పోతోందో చూసే మనిషి ఉన్నారా? ఉంటే ఆ మనిషి గదిలో ఉన్నా, తెర మీద ఉన్నా నాకు సమ్మతమే. లేకపోతే ఎంత పేరున్న చోటైనా నేను పంపమని చెప్పను.

1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యావేత్త ఒక వ్యాసం ప్రచురించాడు. మామూలు తరగతిలో చదివిన పిల్లల్ని, టీచర్ పక్కన కూర్చుని విడిగా చెప్పించుకున్న పిల్లల్ని పోల్చి చూస్తే, విడిగా చెప్పించుకున్న వాళ్లలో సగటు పిల్లాడు మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటేశాడని అందులో రాశాడు. తర్వాత జరిగిన పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనిపించలేదు, అయినా విడిగా చెప్పించుకుంటే మేలని చాలాసార్లు తేలింది. నాకు అందులో ముఖ్యంగా తోచింది వేరే. అక్కడ టీచర్ పాఠం చెప్పి వదిలెయ్యలేదు. ఎక్కడ తప్పుతున్నాడో అప్పటికప్పుడు చూసి, సరిచేసి, అది వచ్చాకే ముందుకు వెళ్లేవాడు. మా పిల్లాడికి రెండు ట్యూషన్లలోనూ దొరకనిది అదే.

ఇక ఆన్‌లైన్ సంగతి. ఇందులో నాకు పాఠం నేర్పింది మా మనవరాలు. మా అమ్మాయి వాళ్లు పుణెలో ఉంటారు. పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి భిన్నాల దగ్గర ఆగిపోయింది. సగానికి మూడో వంతు కలపమంటే, పైన ఉన్న ఒకటీ ఒకటీ కలిపి 2, కింద ఉన్న రెండూ మూడూ కలిపి 5, మొత్తం అయిదింట రెండు వంతులు అనేది. ఉన్న సగం కంటే, ఇంకొంత కలిపాక వచ్చింది తక్కువైపోయిందేమిటని పిల్లకి అనుమానం రాలేదు. రోజూ ఏడింటికి వీడియో కాల్‌లో చెప్తానన్నాను. పది రోజులు చెప్పాను. "అర్థమైందా తల్లీ?" అంటే "అర్థమైంది అమ్మమ్మా" అని నవ్వేది. పరీక్షలో మళ్లీ అదే తప్పు.

ఆ పది రోజులూ నేను చూసింది పిల్ల ముఖాన్ని. లెక్క తప్పేది కాగితం మీద, అది కెమెరాకి కింద ఎక్కడో ఉంది. బళ్లో అయితే వరసల మధ్య నడుస్తూ పిల్లల భుజాల మీదుగా తొంగి చూసేదాన్ని. ఆ తొంగిచూపు ఇక్కడ లేకుండా పోయింది.

అప్పుడు మా అమ్మాయి ఒక ఏర్పాటు చేసింది. నోటుబుక్కు పక్కన లావుపాటి పుస్తకాలు ఓ జానెడు ఎత్తు పేర్చి, వాటి మీద ఫోన్ వెల్లకిలా పెట్టి, వెనక కెమెరా ఉన్న కొస కాస్త బయటికి జరిపింది. కెమెరా నేరుగా నోటుబుక్కు మీదికి చూస్తుంది. ల్యాప్‌టాప్‌లో నేను, ఫోన్‌లో నోటుబుక్కు. ఖర్చేమీ లేదు. ఇంట్లో ఒక్క ఫోనే ఉన్నా పర్వాలేదు, టీచర్ ముఖం కనిపించకపోయినా గొంతు వినిపిస్తే చాలు. మర్నాడు పిల్ల హారాలు రెండూ కలుపుతుంటే చూసి, "ఆగు, ఆ కింది అంకెలు ఏం చెప్తున్నాయో చెప్పు" అన్నాను. పెన్సిల్ ఆగింది. మా ఇద్దరికీ ఆ రోజు నిజంగా క్లాసు మొదలైంది.

ఇంత చెప్పాక కూడా, మూడో తరగతి లోపు పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్ వద్దనే అంటాను. అ ఆలు దిద్దే వేలు పట్టుకుని తిప్పాలి. వత్తు కింద ఎక్కడ మొదలుపెట్టాలో, పెన్సిల్ ఎంత గట్టిగా పట్టుకోవాలో చెయ్యి చేతికి నేర్పే విద్య. 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞాత' పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ క్లాసులు రోజుకు రెండే, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని చెప్పారు. అది బడులే మూతపడిన కాలంలో మాట. ఇప్పుడు పొద్దున్నుంచీ బళ్లో కూర్చుని వచ్చిన పసివాణ్ని మళ్లీ రెండు గంటలు తెర ముందు కూర్చోబెట్టడం నా మనసుకు ఒప్పదు.

ఆ ఏడాది సంగతులు మీకూ గుర్తుండే ఉంటాయి. తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో, ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. దేశంలోని పల్లెల్లో బడికెళ్లే పిల్లల ఇళ్లలో 2018లో 36.5 శాతం ఇళ్లకే స్మార్ట్‌ఫోన్ ఉంటే, 2020కి అది 61.8 శాతానికి పెరిగిందని 'అసర్' సర్వే చెప్పింది. తండ్రి ఫోన్ తీసుకుని పనికి వెళ్తే, ఆయన వచ్చేదాకా అన్నా చెల్లీ అరుగు మీద కూర్చుని ఎదురుచూసిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. టీవీలో పాఠం చెప్పిన టీచర్లు బాగానే చెప్పారు. కానీ అవతల పిల్ల బుర్ర ఊపుతోందో తెల్లముఖం వేసిందో వాళ్లకెలా తెలుస్తుంది? ఇప్పుడు రేడియోలో నేను మాట్లాడుతున్నదీ అలాంటిదే. మీరు ఎక్కడ కనుబొమ్మలు ముడిచారో నాకు కనపడదు. రికార్డు చేసిన వీడియోలు అమ్మి దాన్ని ట్యూషన్ అనేవాళ్లు ఎదురైతే ఈ మాట గుర్తుంచుకోండి.

పెద్ద పిల్లల విషయం వేరు. తొమ్మిదో తరగతి దాటి ఇంటర్‌కి వచ్చి, తనకేది రాదో తనకు తెలిసి, నోరు తెరిచి డౌట్ అడగగలిగిన పిల్లకి ఆన్‌లైన్ పెద్ద అండ. మండల కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో ఫిజిక్స్ చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఆడపిల్ల రాత్రి ఎనిమిదిన్నరకి ఆటో దిగి నడిచి రావాల్సిన పని తప్పుతుంది. హైదరాబాద్‌లో ట్రాఫిక్‌లో పోయే గంటన్నర నిద్రకు మిగులుతుంది.

సంగీతం నేర్పేవాళ్లను అడిగితే ఇంకో ఇబ్బంది చెప్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు చాలామంది ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. గొంతు అటు చేరడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. మాటల్లో అది తెలియదు, ఇద్దరూ కలిసి పాడితే మాత్రం తాళం తప్పుతుంది. అందుకని గురువు ఒక ముక్క పాడి ఆగాలి, పిల్ల ఒక్కతే పాడాలి. పిల్ల ఒక్కతే పాడుతుంది కాబట్టి అపస్వరం దాక్కోవడానికి చోటుండదు. పదిమందితో కలిసి పాడే క్లాసులో దాక్కోగలదు.

భాష సంగతి చాలామంది పట్టించుకోరు. తెర మీద టీచర్ ఇంగ్లీషులోనో హిందీలోనో గబగబా చెప్పుకుపోతుంటే మన పిల్ల "ఎస్ మేడమ్" అంటూ ఉంటుంది. పుస్తకం ఇంగ్లీష్ మీడియమే కావచ్చు, తప్పు విప్పి చెప్పేటప్పుడు మాత్రం పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చిన మనిషి కావాలి. డినామినేటర్ అంటే ఏమిటని అడగడానికి సిగ్గుపడే పిల్ల, "అమ్మమ్మా, కింది అంకె ఎందుకు మారింది?" అని అడుగుతుంది.

డబ్బు దగ్గర ఒక్క జాగ్రత్త. నెల నెలా కట్టే ఫీజయితే నచ్చకపోతే మానేయవచ్చు. మా బంధువుల్లో ఒకరు ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ డెమో క్లాసు అయిన రాత్రే ఫోన్లోనే ఒప్పుకుని, రెండేళ్ల ప్యాకేజీకి లోన్ మీద సంతకం చేశారు. పిల్లాడు మూడో నెల నుంచే చూడటం మానేశాడు, వాయిదాలు మాత్రం పోతూనే ఉన్నాయి. 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులను హెచ్చరించింది కూడా, ఇలాంటి కంపెనీలకు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటు పెట్టుకోవద్దని. డెమో క్లాసు చెప్పిన మనిషే రేపు పాఠం చెప్తారా అని అడగండి. ఆ రాత్రి మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

మరి ఎలా తేల్చుకోవాలి? ట్యూషన్ ఏదైనా రెండు వారాలు పంపండి. తర్వాత టీచర్‌ని అడగండి, "మా అమ్మాయి ఎక్కడ తప్పుతోందండీ?" అని. "కాన్సన్‌ట్రేషన్ లేదండీ, ఇంకా ప్రాక్టీస్ కావాలి" అన్నారంటే ఆ టీచర్ మీ పిల్ల నోటుబుక్కు చూడలేదని అర్థం. "అప్పు తెచ్చుకుంటోంది గానీ పక్క అంకెలో ఒకటి తగ్గించడం మర్చిపోతోందండీ" అన్నారనుకోండి, ఆ టీచర్‌ని వదులుకోకండి. ఆన్‌లైనా ఎదురుగానా అని కూడా చూడకండి.

మా వీధి పిల్లాడికి నేను పుస్తకం ముట్టలేదు. పది రూపాయల నోట్లు అయిదు, రూపాయి బిళ్లలు రెండు చేతిలో పెట్టి, "కొట్లో 27 రూపాయలు ఇవ్వాలిరా" అన్నాను. రెండు నోట్లు తీసి పక్కన పెట్టాడు. ఏడు రూపాయలకి బిళ్లలు రెండే ఉన్నాయి. అటూ ఇటూ చూశాడు, బిళ్లలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. చాలాసేపు నేనేం మాట్లాడలేదు. చివరికి ఒక పది రూపాయల నోటు నా వైపు చాపి, "టీచర్ గారూ, దీనికి చిల్లరుందా?" అన్నాడు.

నమస్కారం.