మిలాన్ పక్కన మా ఊరు: సెస్తో సాన్ జొవాన్ని

నమస్కారం. మిలాన్ అనగానే అందరూ దువోమో అనే పెద్ద చర్చి గోపురాలు, ఫ్యాషన్ దుకాణాలు చూపిస్తారు. అవి మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ఈ రోజు మనం ఎర్ర మెట్రో లైను ఎక్కి, అది ఆగిపోయే చోట దిగుదాం. స్టేషను పేరు సెస్తో ప్రీమో మాజ్జో, అంటే మే డే. కార్మికుల పండుగ పేరు పెట్టుకున్న స్టేషను ఉందంటే, దాని చుట్టూ ఉన్నది ఎలాంటి ఊరో మీకు కొంత అర్థమై ఉంటుంది.

ఊరి పూర్తి పేరు సెస్తో సాన్ జొవాన్ని. మిలాన్‌కు ఈశాన్యాన, దాన్ని ఆనుకునే ఉంటుంది. జనాభా సుమారు 80 వేలు. మునిసిపాలిటీ వేరు, మేయరు వేరు. మిలాన్‌లో చదువుకునే, పనిచేసే మన తెలుగువాళ్లలో కొందరు దీన్ని పడుకోవడానికే పనికొచ్చే ఊరంటారు. అద్దె కాస్త తక్కువ, దువోమోకు అరగంటలోపే చేరుకోవచ్చు, అంతకు మించి ఇక్కడేముందని వాళ్ల ఉద్దేశం. ఆ మాట వింటే నాకు చిరాకు. అందుకే ఈ వీడియో.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ పొలాలు, మల్బరీ చెట్లు, పట్టుదారం తీసే మిల్లులు, మిలాన్ సంపన్నులు వేసవికి వచ్చి ఉండే విల్లాలు ఉండేవి. ఆ విల్లాల్లో ఒకటైన విల్లా విస్కోంతి దారగోనా ఇప్పుడు ఊరి గ్రంథాలయం. ఊరి రాత మార్చింది రైలు. 1840లో మిలాన్ నుంచి మోన్జాకు వేసిన మార్గం సెస్తో మీదుగానే వెళ్లింది. నేపుల్స్ దగ్గరి పోర్తిచి లైను తర్వాత ఇటలీలో అది రెండో రైలు మార్గం. 1882లో ఆల్ప్స్ పర్వతాల కింద గొట్టార్డ్ సొరంగ మార్గం తెరుచుకున్నాక, ఉత్తర ఐరోపా సరుకు కూడా ఈ దారినే రావడం మొదలైంది. చవకగా నేల, గుమ్మం ముందే రైలు ఉంటే పెట్టుబడిదారు ఆగుతాడా? 1903లో రైలింజన్లు చేసే బ్రెడా, 1904లో మద్యం చేసే కంపారి, 1905లో విద్యుత్ మోటార్ల ఎర్కోలే మరెల్లి, 1906లో ఉక్కు తీసే ఫాల్క్. నాలుగేళ్లలో పల్లె కాస్తా కార్ఖానాల ఊరైపోయింది.

ఇప్పుడు మనం నడుస్తున్నది విల్లాజ్జో ఫాల్క్. ఫాల్క్ కంపెనీ తన కార్మికులకు కట్టించిన కాలనీ ఇది. ఇళ్లు, వాటి మధ్య చిన్న తోటలు, చివరన సాన్ జోర్జో ఆల్లే ఫెర్రియేరే చర్చి. ఇనుప కార్ఖానాల పక్కన ఉన్న సెయింట్ జార్జ్ అన్నమాట, దేవుడి చిరునామాలో కూడా కార్ఖానా ఉంది! ఇల్లు, చర్చి, జీతం అన్నీ యజమాని చేతి మీదుగానే వచ్చేవి. ఇది దయ అని కొందరు, కార్మికుడిని కట్టిపడేసే తాడు అని కొందరు అంటారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది.

ఆ తాడు అందరినీ కట్టిపడేయలేదని తర్వాతి చరిత్ర చెబుతుంది. 1943 మార్చిలో, ముస్సోలినీ ఇంకా గద్దె మీద ఉండగానే, తురీన్‌లో మొదలైన సమ్మె సెస్తో కార్ఖానాలకు పాకింది. 1944 మార్చిలో నాజీ ఆక్రమణ కింద మళ్లీ సమ్మె చేశారు. ఈసారి జర్మన్లు, ఫాషిస్టులు కలిసి కార్మికులను పట్టుకుని మౌత్‌హౌసెన్ లాంటి నిర్బంధ శిబిరాలకు పంపారు. చాలామంది తిరిగి రాలేదు. పార్కో నోర్డ్ అనే పెద్ద పార్కులో వాళ్ల స్మారకం ఉంది. అది నిలబడిన గుట్ట కూడా బ్రెడా కొలిమి వ్యర్థాలు పోయగా ఏర్పడిందే. స్మారకాన్ని రూపొందించిన వాస్తుశిల్పి లొదోవికో బెల్జోయోజో స్వయంగా ఆ శిబిరాల నుంచి బతికి బయటపడినవాడు. మౌత్‌హౌసెన్ రాతి క్వారీ నుంచి తెచ్చిన రాళ్లు అందులో ఉన్నాయి. ప్రతిఘటన పోరాటానికి గుర్తింపుగా ఇటలీ ప్రభుత్వం ఈ ఊరికి సైనిక శౌర్య స్వర్ణ పతకం ఇచ్చింది. యుద్ధం తర్వాత అందరూ సెస్తోను 'ఇటలీ స్టాలిన్‌గ్రాడ్' అని పిలవసాగారు. 1945 నుంచి 2017 దాకా మేయర్లంతా వామపక్షం వాళ్లే. 2017లో మొదటిసారి కుడిపక్ష కూటమి గెలిచింది, 2022లో మళ్లీ గెలిచింది. మా మెట్ల దగ్గర ఈ విషయం ఎత్తితే చాలు, అరగంట ఎవరూ ఇంట్లోకి వెళ్లరు.

మా పక్కింటి పెద్దాయన ఫాల్క్‌లో పనిచేసి రిటైరయ్యారు. మెట్ల మీద ఎదురైతే 'సిన్యోరా, అన్నం తిన్నారా?' అని నేను నేర్పిన తెలుగులో అడుగుతారు. ఫాల్క్ ఎప్పుడు మూతపడిందని అడిగితే మాత్రం ఏడాది చెప్పరు, చివరిసారి ఉక్కు పోసిన పూట గురించే చెబుతారు. 1990ల మధ్యలో కొలిమి ఆరింది. ఐరోపాలో ఉక్కు మిగిలిపోవడం, ధరలు పడిపోవడం, ఊరి నడుమ కార్ఖానా నడపడంలోని ఇబ్బందులు అన్నీ కలిసి దాన్ని ఆర్పాయి. బ్రెడా, మరెల్లి కూడా ఇంచుమించు అదే దారి పట్టాయి. మిగిలింది పది లక్షల చదరపు మీటర్లకు పైగా ఖాళీ నేల. మా వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మూతపడ్డాక దాని భూములు ప్లాట్లుగా మారడం చూసినదాన్ని కాబట్టి, ఇక్కడ ఏమవుతుందో అని నాకు మరీ కుతూహలం.

ఇక్కడ జరుగుతున్నది నెమ్మది వ్యవహారం. రెంజో పియానో అంతటి వాస్తుశిల్పి ప్రణాళిక గీశారు. యజమానులు మారారు, ప్రణాళికలూ మారాయి. ఇప్పుడు ఆ నేల మీద ఆరోగ్య, పరిశోధన నగరం కడుతున్నారు. మిలాన్‌లోని జాతీయ క్యాన్సర్ సంస్థ, బెస్తా నాడీ వైద్య సంస్థ రెండూ అక్కడికి రావాలి. ఉక్కు మనుషుల ఊరు వైద్యుల ఊరవుతుందన్నమాట. 'కొలిమిలో పనికి బలం ఉంటే చాలు, ఆసుపత్రిలో పనికి పట్టా కావాలి, మా మనవలకు అక్కడ ఏ ఉద్యోగం ఇస్తారు?' అని పెద్దాయన అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కంపారి కథ వేరు. ఎర్రటి చేదు మద్యం చేసే ఆ కంపెనీ ఉత్పత్తిని పియమోంతే ప్రాంతంలోని నోవీ లిగూరేకు తరలించినా, ప్రధాన కార్యాలయం మాత్రం ఇక్కడే ఉంది. 1904 నాటి ముఖద్వారాన్ని పడగొట్టకుండా వాస్తుశిల్పి మారియో బొత్తా దాన్ని కొత్త భవనంలో కలిపేశారు. లోపలి మ్యూజియంలో పాత పోస్టర్లతో పాటు కళాకారుడు ఫొర్తునాతో దెపెరో 1932లో చేసిన కంపారి సోడా సీసా కథ కూడా ఉంటుంది. మందు ముట్టనివాళ్లూ పోస్టర్ల కోసం వెళ్లవచ్చు. బ్రెడా పాత ఇనుము దించిన ఎత్తయిన క్రేను కింద, కర్రోపోంతే అనే చోట, ఇప్పుడు వేసవి సాయంత్రాల్లో సంగీత కచేరీలు జరుగుతాయి. ఆ క్రేను అలాగే ఉంది, అటు కెమెరా తిప్పుతాను చూడండి.

ఇక మనుషులు. మొదట చుట్టుపక్కల లొంబార్దీ పల్లెలు, వేనెతో ప్రాంతం నుంచి వచ్చారు. 1950లు, 60ల్లో దక్షిణ ఇటలీ నుంచి, తర్వాత ఈజిప్టు, పెరూ, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల నుంచి వచ్చారు. ఈ వరుసలో చివరి వాళ్లం మనం. ఉదయం కాఫీ బారు దగ్గర నిలబడండి, రెండు నిమిషాల్లో అరబ్బీ, స్పానిష్, దక్షిణ ఇటలీ యాస అన్నీ వినిపిస్తాయి. ఆటల్లో కూడా ఊరికి సొంత పొగరుంది. 1913లో పుట్టిన ఫుట్‌బాల్ జట్టు ప్రో సెస్తో ఆడే మైదానానికి బ్రెడా పేరే ఉంది. మహిళల బాస్కెట్‌బాల్ జట్టు జేయాస్ 1978లో యూరప్ ఛాంపియన్‌గా నిలిచింది. ఏప్రిల్ 25న, అంటే ఫాషిజం నుంచి విముక్తి దినాన, బడిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా రోడ్డెక్కుతారు. పడుకోవడానికి మాత్రమే ఉన్న ఊరికి ఇన్ని జ్ఞాపకాలూ ఇంత గొడవా ఎందుకుంటాయి చెప్పండి?

చాలామంది సందేశాల్లో అడుగుతున్న ప్రశ్న: చదువుకు వస్తే సెస్తోలో ఉండవచ్చా? తప్పకుండా ఉండవచ్చు. పాత పిరెల్లి కార్ఖానాల స్థలంలో వెలసిన బికోక్కా విశ్వవిద్యాలయం పక్కనే ఉంది, మిలాన్ నగర టికెట్టే ఇక్కడికీ పనిచేస్తుంది. కానీ ఇంటి ఒప్పందాన్ని పన్నుల శాఖలో రిజిస్టరు చేయిస్తారా అని ముందే అడగండి. అది లేకపోతే నివాస నమోదు కష్టం, దూరం నుంచి వచ్చిన విద్యార్థిగా స్కాలర్‌షిప్పులో దక్కాల్సిన సొమ్ము కూడా తగ్గిపోతుంది. 'మనం మనం మాట్లాడుకుందాం' అనే యజమానికి మర్యాదగా నమస్కారం పెట్టి, ఇంకో ఇల్లు చూసుకోండి. అడ్వాన్సు మాత్రం ఒప్పందం చేతికి వచ్చాకే ఇవ్వండి.