కొండ మీది ఊళ్ళకు మానసిక వైద్యం: వీడియోతో పాటు చేరవలసినవి

సభకు నమస్కారం.

పల్లెలకు మానసిక వైద్యాన్ని వీడియో ద్వారా అందించడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏజెన్సీ కొండల్లోని ముంచింగిపుట్టు నుంచో పెదబయలు నుంచో ఒక రోగిని విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకురావాలంటే, తోడు వచ్చేవారు కూలి వదులుకోవాలి, ఘాట్ రోడ్డు దిగాలి, రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో చూసుకోవాలి. మొదటిసారి అప్పో సప్పో చేసి వస్తారు. జబ్బు కాస్త నెమ్మదించాక రెండోసారి రావడం కష్టం. మందు ఆగిపోతుంది, కొన్నాళ్ళకు జబ్బు తిరగబెడుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వయోజనుల్లో సుమారు 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉండగా, జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం వరకు చికిత్సకు దూరంగానే ఉన్నారు. దీనికంతటికీ ప్రయాణ దూరమే కారణమని అనలేము గానీ, ఏజెన్సీలో అది చిన్న కారణం కాదు.

ఆ దూరాన్ని తగ్గించే సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. 2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్, అంటే ఫోన్, వీడియోల ద్వారా చేసే వైద్యం, మార్గదర్శకాలను విడుదల చేసింది. ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ద్వారా ఆరోగ్య కేంద్రం నుంచి నిపుణుడితో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. కనుక నేను గట్టిగా చెప్పదలచుకున్నది వేరు. తెర మీద కనిపించే డాక్టరు గురించి మనం పడుతున్న తాపత్రయంలో సగమైనా రోగి కూర్చునే గది గురించి, పక్కన ఉండే ఆరోగ్య కార్యకర్త గురించి, ఆ పూట చేతికి అందే మందు గురించి పడాలి.

గది సంగతి చూడండి. ఉప కేంద్రంలో రిజిస్టర్ల దొంతరకు ఆనించి ఫోన్ పెడతారు. ఎదురుగా స్టూలు మీద ఒక కోడలు, పక్కనే అత్త, గుమ్మంలో టీకాల కోసం వచ్చిన తల్లులు. "నిద్ర పడుతోందా అమ్మా?" అని డాక్టరు అడిగితే ఆమె తెర వంక చూడదు, అత్త వంక చూస్తుంది. జవాబు అత్తే చెబుతుంది: ఒళ్ళు నొప్పులు, గుండె దడ, అన్నం సయించడం లేదు. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అన్న ప్రశ్నకు ఆ గదిలో నిజమైన జవాబు రాదు. మూసుకునే తలుపు, ఒక జత ఇయర్‌ఫోన్లు, అత్తగారిని కాసేపు మాటల్లో పెట్టి బయట కూర్చోబెట్టగల ఆశా కార్యకర్త ఉంటే అదే సంభాషణ వేరుగా సాగుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ఆ హక్కు ఆ తలుపు దగ్గరే నిలుస్తుంది లేదా పోతుంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడేవారి విషయంలో ఆశా కార్యకర్తే దుబాసి కూడా. దిగులు, భయం, చెవిలో వినిపించే మాటలు వంటివి ఎలా అడగాలో ఆమెకు ముందుగా నేర్పించకపోతే డాక్టరు ప్రశ్న దారిలోనే మారిపోతుంది.

ఇక మందు. ఆ చట్టంలోని 18వ సెక్షను అత్యావశ్యక మందుల జాబితాలోని మందులను మానసిక రోగులకు ఉచితంగా, అన్ని వేళలా అందించాలని చెబుతుంది. అయితే ఆ బాధ్యతను సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై స్థాయి ఆసుపత్రులకే పెట్టింది. వీడియో మాత్రం ఉప కేంద్రం దాకా వెళుతోంది. సలహా ఊళ్ళో దొరికి మాత్ర మండల కేంద్రానికి అవతల దొరికితే, మనం తగ్గించామనుకున్న ప్రయాణం మళ్ళీ రోగి నెత్తినే పడుతుంది. చెన్నైకి చెందిన మానసిక ఆరోగ్య సంస్థ స్కార్ఫ్ 2010లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో టెలీ-సైకియాట్రీ, అంటే వీడియో ద్వారా మానసిక వైద్యం, మొదలుపెట్టినప్పుడు ఒక బస్సులో సంప్రదింపుల గదిని, మందుల గదిని కలిపే పెట్టింది. డాక్టరు చెన్నైలో ఉండి చెప్పిన మందును రోగి బస్సు దిగేలోపే అందుకునేవాడు. నాకు ఆ ఏర్పాటులో అన్నిటికన్నా నచ్చిన అంశం అదే.

మన రాష్ట్రంలోనే, పశ్చిమ గోదావరి పల్లెల్లో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వారి స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులు ట్యాబ్‌లోని సూచనల సాయంతో చికిత్స చేశారు, మానసిక జబ్బు పట్ల ఉన్న చిన్నచూపు పోగొట్టే ప్రచారమూ సాగింది. తరువాత హర్యానాను కూడా కలుపుకొని జరిపిన పరీక్షలో డిప్రెషన్ లక్షణాలు తగ్గినట్లు తేలింది. వాళ్ళు మళ్ళీ మళ్ళీ గడప తొక్కే మనిషిని నమ్ముకున్నారు. మనం ఆశా కార్యకర్తల మీద ఇంకో పని మోపేటప్పుడు దానికి తగిన పారితోషికం కూడా ఇవ్వాలి. లేకుంటే అది అన్యాయం.

వీడియోకు అందని రోగులూ ఉంటారు. లిథియం అనే మానసిక వైద్య మందు వాడేవారికి రక్త పరీక్షలు కావాలి. పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉన్న మనిషి చనిపోతానంటే, డాక్టరు ఫోన్ పెట్టేయకముందే ఊళ్ళో ఎవరు తోడుంటారో, ఆ డబ్బా ఎవరు తీసి దాస్తారో, 108 ఎక్కడి వరకు రాగలదో తేలిపోవాలి. అందుకే ఈ సభలో ఉన్న అధికారులను నేను కోరేది ఇది: ఏజెన్సీలో వీడియో సంప్రదింపులు జరిగే ప్రతి కేంద్రంలో నెలకు సరిపడా మానసిక వైద్య మందులు నిల్వ ఉంచండి, తలుపున్న గది ఒకటి కేటాయించండి, కొండ దిగి రావలసిన రోగికి బండి ఎవరు పంపాలో, ఇక్కడ ఏ వార్డులో చేర్చుకోవాలో ముందే రాసి ఆ గది గోడకు అంటించండి.