సైకిల్ కిరాయి ఇచ్చిన పంతులు

వేదిక మీది పెద్దలకు, ఆడి అలసిపోయి కూర్చున్న పిల్లలకు, వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. బహుమతులు పంచి నాలుగు మాటలు చెప్పమన్నారు. బహుమతులు తర్వాత. ముందు రహీం సాబ్ గురించి చెప్పాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి, బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ ఫుట్‌బాల్ కప్పు గెలిచిన మన సిటీ పోలీస్ జట్టుకు కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

ఇవన్నీ రికార్డుల్లో ఉంటాయి. నేను తలుచుకునేది బలరామ్ సంగతి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు తులసీదాస్ బలరామ్. ఆట చూసి రహీం సాబ్ రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ దాకా రావడానికి నా దగ్గర డబ్బుల్లేవన్నాడు. సైకిల్ కిరాయి నేనిస్తాను, రా అన్నారాయన. ఆ పిల్లవాడే మెల్‌బోర్న్‌లోనూ ఆడాడు, జకార్తాలోనూ ఆడాడు.

అమ్మా, మీరు చెప్పండి. సైకిల్ కిరాయి ఎంతవుతుంది?

పిల్లలకు రెండు కాళ్ళూ సమానంగా ఆడాలని, వాటంలేని కాలితోనే ఆడే టోర్నమెంట్లు పెట్టేవారాయన. మా బస్తీలో నేనూ అదే చేస్తున్నాను. కుడికాలికి ఎర్ర రిబ్బన్ కడతాం. ఆ కాలు బంతికి తగిలితే ఫౌల్. మొదట్లో పడతారు, నవ్వుకుంటారు. కొన్నాళ్ళకి ఎడమకాలితో కార్నర్ కొడతారు. నాలాంటి వాడికి అంతకన్నా సంతోషం ఏముంటుంది!

శిక్షణ పద్ధతుల గురించి ఇంకా రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నా, ఎందుకంటే ఆ ఎడమకాలి ఆటకు ఇప్పుడు చోటు లేదు. మేం ఆడుకునే స్కూల్ గ్రౌండ్ గేటుకు తాళం పడింది. ఏ స్కూలో చెప్పను. సగం జాగాలో బస్సులు పెడుతున్నారు. మిగతా సగం ఖాళీగానే ఉంది. పిల్లలు బూట్లు మెడలో వేసుకొని వచ్చి, గేటు ఊచల్లోంచి లోపలికి చూసి, మళ్ళీ ఇళ్ళకు పోతున్నారు. సాయంత్రం ఆరు తర్వాత వాళ్ళేం చేస్తున్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు.

ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చాక అందరూ రహీం సాబ్ పేరు తలుస్తున్నారు, సంతోషం. విగ్రహం పెడదామని ఇందాక ఒక పెద్దాయన అన్నారు. అయ్యా, ఆ డబ్బుతో ముందు నాలుగు బంతులు కొనండి, ఒక వాచ్‌మన్ జీతం ఇవ్వండి. తాళంచెవి నా చేతికివ్వండి. రాత్రి ఎనిమిదికి గేటు వేసే పూచీ నాది.

అండర్-12 కెప్టెన్ ఎక్కడమ్మా? ఇలా రా, కప్పు తీసుకో.