పారబోసే ముందు ఒక్క స్లయిడ్

నెల్లూరు జిల్లా ల్యాబుల నుంచి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఉదయగిరి వైపు నుంచో, కావలి నుంచో ఆయాసపడుతూ ఒక మనిషి వస్తాడు. ఎక్స్‌రేలో నిమ్ము, అంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు కనబడుతుంది. డాక్టరు గారు సూదితో నీరు తీయించి చీటీ రాస్తారు: ప్రొటీన్, షుగర్, సెల్ కౌంట్, ఏడీఏ (టీబీలో పెరిగే ఎంజైమ్). క్యాన్సర్ అన్న మాట ఆ చీటీలో ఎక్కడా ఉండదు. కానీ ఆ నీళ్లలో క్యాన్సర్ కణాలు ఉంటే వాటిని ముందుగా చూసే అవకాశం మనదే.

మొదట ఎల్‌డీహెచ్ సంగతి, అంటే కణాలు దెబ్బతింటే బయటపడే ఎంజైమ్. చీటీలో లేకపోయినా అడిగి చేయించండి. అదే రోజు రక్తం కూడా తీయాలి. నీటిలోని ప్రొటీన్‌ను రక్తంలోదానితో భాగిస్తే 0.5 దాటినా, ఎల్‌డీహెచ్‌ను అలాగే భాగిస్తే 0.6 దాటినా అది ఎక్సుడేట్, అంటే ఇన్ఫెక్షన్, క్యాన్సర్ లాంటి జబ్బు వల్ల ఊరిన నీరు. లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) ఎక్కువున్న ఎక్సుడేట్ అనగానే మన దగ్గర అందరి మనసూ టీబీ మీదకే పోతుంది. ఏడీఏ 40 దాటితే ఆ అనుమానం సబబే. ఏడీఏ తక్కువగా ఉండి ఎల్‌డీహెచ్ బాగా పెరిగితే మాత్రం టీబీ అని ఊరుకోకూడదు. ఇంకో చిక్కుంది. శాంపిల్‌లో ఎర్రకణాలు చితికినా ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. అందుకే సెంట్రిఫ్యూజ్ చేశాక పైనీరు ఎర్రగా ఉంటే రిపోర్టులో ఆ మాట రాయండి.

పొట్టలో నీటికైతే రక్తం ఆల్బుమిన్‌లోంచి నీటి ఆల్బుమిన్ తీసేయండి. తేడా డెసిలీటరుకు 1.1 గ్రాములకు తక్కువైతే పెరిటోనియంలో (పొట్ట లోపలి పొరలో) క్యాన్సర్ గానీ టీబీ గానీ ఉందేమో వెతకాలి. క్యాన్సర్ గుర్తుగా రక్తంలో చూసే సీఏ-125ను మాత్రం నమ్ముకోవద్దు. లివర్ చెడి నీరు చేరినా అది పెరుగుతుంది.

ఇప్పుడు కణాలు లెక్కపెట్టే మిషన్, అంటే సెల్ కౌంటర్. బాడీ ఫ్లూయిడ్ మోడ్ (ఇలాంటి నీళ్ల కోసం ప్రత్యేక అమరిక) ఉన్న కొన్ని మిషన్లు ఫ్లోరెసెన్స్ (రంగు పట్టి వెలిగే గుణం) ఎక్కువున్న పెద్ద కణాలను తెల్లకణాల లెక్కలో కలపవు, మొత్తం కణాల లెక్కలో మాత్రం చూపిస్తాయి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే స్లయిడ్ చూడాల్సిందే. మీసోథీలియల్ కణాలు (లోపలి పొరల మామూలు కణాలు), మాక్రోఫేజులు (చెత్తను మింగే కణాలు) కూడా అక్కడే పడతాయి కాబట్టి తేడా ఒక్కటే రుజువు కాదు. మోడ్ లేని మిషన్‌లో పెట్టి డిఫరెన్షియల్ (ఏ రకం కణాలు ఎంత శాతమో) ఇవ్వడం మాత్రం రోగికి అన్యాయం.

స్లయిడ్ ఇలా చేయండి. గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ కలిపిన నీరు 50 మిల్లీలీటర్లయినా ఉంటే మంచిది. సీసాను మెల్లగా తిరగేసి కలపండి, ఎందుకంటే కణాలు అడుక్కి దిగి ఉంటాయి. 1500 ఆర్‌పీఎంలో పది నిమిషాలు తిప్పి, పైనీరు వంచేసి, అడుగున మిగిలిన గుజ్జులోంచి రెండు స్మియర్లు (స్లయిడ్ మీద పలుచని పూతలు) వేయండి. ఒకటి గాలికి ఆరబెట్టి లీష్మన్ రంగుకు. రెండోది పాప్ స్టెయిన్ అనే రంగుకు, తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. ఫ్యాన్ కింద అర నిమిషం ఆలస్యమైనా న్యూక్లియస్ ఉబ్బి, మసకబారి, పాప్ స్టెయిన్‌లో ఎందుకూ పనికిరాదు.

మైక్రోస్కోప్ పది లెన్స్‌తో ముందు స్మియర్ చివరి అంచు చూడండి. పెద్ద కణాలు అక్కడికే కొట్టుకుపోతాయి. మీసోథీలియల్ కణాలు పక్కపక్కనే ఉన్నా మధ్యలో కిటికీలా సన్నని సందు కనిపిస్తుంది. అడెనోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్) గుంపు తరచుగా నున్నటి అంచుతో ఉండకట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటుంది. అయితే టీబీలో, లివర్ జబ్బులో రెచ్చిన మీసోథీలియల్ కణాలు ఎంతటి వారినైనా బోల్తా కొట్టిస్తాయి. అందుకే రిపోర్టులో క్యాన్సర్ అని రాయకండి. "పెద్ద కణాల గుంపులు ఉన్నాయి, సైటాలజీకి పంపవలెను" అని రాసి, డాక్టరు గారికి ఫోన్ చేయండి. సైటాలజీ అంటే పాథాలజిస్టు కణాలను చూసి చెప్పే పరీక్ష.

ఎక్కువ శాంపిళ్లు పాడయ్యేది దారిలోనే. ఈడీటీఏ వేయకపోతే నీరు గడ్డకట్టి, కణాలన్నీ ఆ గడ్డలో చిక్కుకుంటాయి. అప్పుడు కౌంట్ తప్పుతుంది. కానీ గడ్డను పారేయకండి, ఫార్మలిన్‌లో వేస్తే సెల్ బ్లాక్‌కు (మైనంలో బిగించి, పలుచగా కోసి చూసే పద్ధతికి) పనికొస్తుంది. రోహిణి కార్తె ఎండలో బస్సు డ్యాష్‌బోర్డు మీద వచ్చిన సీసాలో కణాలు కుళ్లిపోయి ఉంటాయి. ఐసు డబ్బాలో పంపమనండి, కానీ నీరు ఐసులా గట్టిపడనివ్వొద్దనండి. వెన్నుపాము నీటికైతే గంట కూడా ఆగకూడదు.

ఊపిరితిత్తి నీటిలో మొదటి సైటాలజీ క్యాన్సర్‌ను పట్టుకునేది సుమారు 60 శాతం మందిలోనే. నెగెటివ్ వచ్చినా అనుమానం మిగిలితే రెండోసారి నీరు తీయాలి. ఈలోగా మిగిలిన నీటిని 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచి, మూత మీద తేదీ, టైము రాసి, సైటాలజీ రిపోర్టు చేతికొచ్చాకే పారబోయండి.