అంట్లు తోమిన గంటకు లెక్క

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖలో ప్లాను గీసి కట్టిన పేటలకు కొదవలేదు. ఎంవీపీ కాలనీలో చిరునామా చెప్పాలంటే సెక్టారు నంబరుతో మొదలుపెడతాం. ఇక స్టీలు ప్లాంటు వాళ్ళ ఉక్కునగరం సరేసరి. క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, పార్కులు అన్నీ ముందే కాగితం మీద గీసుకుని కట్టినవి. ఆ క్వార్టర్లలో కొన్నేళ్ళు కాపురం చేశాను. ఆ ఊరంటే నాకిప్పటికీ ప్రాణం. అయితే ఆ ప్లానులోకి ఎక్కనిదొకటి ఉంది. మా ఆయన పొద్దుటి షిఫ్టుకి తెల్లవారకముందే బయల్దేరేవారు. ప్లాంటులో ఆయన గడిపిన ఎనిమిది గంటలూ హాజరులో పడేవి. ఆయన క్యారేజీ కట్టడానికి నేను చీకటితో లేచి కుక్కరు పెట్టిన గంట మాత్రం ఎక్కడా పడేది కాదు. ఇంట్లో అంట్లు ఎవరు తోమాలన్నది ఏ ఊరి ప్లానులోనూ ఉండదు కదా అనుకునేదాన్ని.

దాన్ని కూడా ప్లానులో పెట్టిన ఊరు ఒకటుంది. ఇవాళ దాని గురించే చెబుతాను.

అమెరికాలో బి. ఎఫ్. స్కిన్నర్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. 1904లో పుట్టి 1990లో పోయారు. ఎలుకలనూ పావురాలనూ పెట్టెల్లో ఉంచి చూశారాయన. ఎలుక మీట నొక్కితే తిండి పడుతుంది. తిండి పడింది కాబట్టి మళ్ళీ నొక్కుతుంది. మనుషుల అలవాట్లు కూడా చాలావరకు ఇలాగే, చేసిన పనికి దక్కే ఫలితాన్ని బట్టే ఏర్పడతాయని ఆయన వాదన. శిక్షతో పని జరిగినా అది కొంతకాలమే అంటారు. ఈ మాట నిజమేననిపిస్తుంది నాకు. ‘ఇక్కడ చెత్త వేస్తే జరిమానా’ అన్న బోర్డు కిందే చెత్తకుప్ప మనందరం చూస్తూనే ఉన్నాం.

ఆ సూత్రాల మీద ఒక ఊరు ఊరంతా నడిస్తే ఎలా ఉంటుందో ఊహించి స్కిన్నర్ ఒక నవల రాశారు. పేరు ‘వాల్డెన్ టూ’, అచ్చయింది 1948లో. వెయ్యి మంది ఉండే ఊరు. వంటిల్లు ఉమ్మడి, పిల్లల పెంపకం ఉమ్మడి. మనిషికి రోజుకి సగటున నాలుగు గంటల పని.

అందులో పిల్లల పెంపకం గురించి చదివితే మనసు కలుక్కుమంటుంది. చాలాదూరం నడిచి అలసి, ఆకలితో ఇంటికొచ్చిన పిల్లల్ని, పొగలు కక్కే సూపు గిన్నెల ముందు అయిదు నిమిషాలు నిలబెడతారు. ఓర్పు నేర్పడానికట. ఇంకా చిన్నవాళ్ళకైతే పంచదార పొడి అద్దిన లాలీపాప్ మెడలో వేలాడదీస్తారు. నాలుక ఒక్కసారి తగిలినా ఆ పొడి మీద తెలిసిపోతుంది. శాస్త్రం ఎంత గొప్పదైనా, ఆకలితో వచ్చిన బిడ్డకు ముందు అన్నం పెట్టాలి. పాఠం తర్వాత చెప్పుకోవచ్చు. పైగా ఈ ఏర్పాట్లన్నీ చేసే ప్లానర్లను ఆ నవల్లో ఊరివాళ్ళు ఓట్లేసి ఎన్నుకోరు. ఆ సగం కల నాకు వద్దు.

రెండో సగం పనుల లెక్క. ఆ ఊళ్ళో డబ్బు చెల్లదు, పని పాయింట్లే. ఏడాదికి ఒక్కొక్కరూ 1,200 పాయింట్లు సంపాదించాలి. మురుగుకాలవ శుభ్రం చేస్తే గంటకు ఒకటిన్నర పాయింటు, పూలతోటలో పనిచేస్తే బాగా తక్కువ. ఎవరూ ఇష్టపడని పనికి ఎక్కువ విలువ. మన దగ్గర సంగతి మీకు తెలిసిందే, ఏ పని ఎంత కష్టమైతే దానికి అంత తక్కువ కూలి.

1967లో ఆ నవల స్ఫూర్తితో ఎనిమిది మంది కలిసి వర్జీనియా రాష్ట్రంలో 123 ఎకరాల పొగాకు పొలంలో నిజంగానే ఒక ఊరు మొదలుపెట్టారు. దాని పేరు ట్విన్ ఓక్స్. మొదలుపెట్టినవాళ్ళలో క్యాట్ కింకేడ్ అనే ఆవిడ ముఖ్యురాలు. ఇలాంటి ఊళ్ళు మూన్నాళ్ళలో మూతపడతాయంటారు. ఇది మాత్రం అరవయ్యేళ్ళకు దగ్గరపడుతోంది. సుమారు వంద మంది ఉంటారు. తాళ్ళతో ఊయలలు అల్లి అమ్మారు, సోయా పనీరు లాంటి టోఫు చేసి అమ్మారు, పుస్తకాలకు సూచికలు తయారుచేసి ఇచ్చారు. వచ్చిన ఆదాయం అందరిదీ. ఇల్లు, తిండి, వైద్యం ఊరే చూసుకుంటుంది. చేతిఖర్చుకి నెలకి కొద్దిగా డబ్బు ఇస్తుంది.

మొదట్లో వాళ్ళు నవల్లో ఉన్నట్టే ఒక్కో పనికి ఒక్కో విలువ కట్టారు. అదే పని చేసినా, దాన్ని ఇష్టపడని మనిషికి ఎక్కువ పాయింట్లు వచ్చేలా కూడా చూశారు. కొన్నేళ్ళకు అదంతా వదిలేసి గంటకు గంటే అన్నారు. ఊయల అల్లినా గంటే, అంట్లు తోమినా గంటే. ప్లానర్లు ముగ్గురు, వాళ్ళ గడువు పద్దెనిమిది నెలలు. వాళ్ళ నిర్ణయం నచ్చకపోతే సభ్యుల్లో సగం మందికి మించి కలిస్తే కొట్టేయొచ్చు. పిల్లల్ని విడిగా ఉమ్మడి ఇంట్లో పెంచే పద్ధతి కూడా పోయింది. మెక్సికోలో 1973లో మొదలైన లాస్ ఓర్కోనెస్ అనే ఊరు మాత్రం స్కిన్నర్ దారినే పట్టుకుని నడిచింది.

ట్విన్ ఓక్స్‌లో ప్రతి మనిషికీ వారానికొక పని కాగితం ఉంటుంది. వారానికి సుమారు 42 గంటలు. అమెరికాలో ఉద్యోగస్తుడి వారం కూడా ఇంచుమించు అంతే కదా, ఇందులో గొప్పేముంది అంటారేమో. ఆ 42 గంటల్లో వంట ఉంది, గిన్నెలు ఉన్నాయి, బట్టలుతకడం ఉంది, పిల్లల్ని చూసుకోవడం ఉంది. ఒంట్లో బాగోక పడుకుంటే ఆ గంటలూ లెక్కలోకే వస్తాయి. ఒక పనికి బాధ్యత తీసుకుని, ఏమేం కావాలో ఆలోచించి, తెప్పించి, గుర్తుపెట్టుకునే మనిషికి ఆ ఆలోచించిన సమయం కూడా పనే. ఈ చివరి మాట చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను.

మన దేశంలో 2019లో ప్రభుత్వం సర్వే చేసింది, ఎవరి సమయం దేనికి పోతోందని. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఈ అంకెల్నే ప్రస్తావించింది. చనిపోయిన గృహిణి చేసిన ఇంటిపనికి పరిహారంలో విలువ కట్టి తీరాలని అప్పుడు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఎన్. వి. రమణ. మంచి తీర్పు. కానీ ఆ విలువ మనిషి పోయాక కట్టారు. ఉన్నప్పుడే ఎందుకు కట్టకూడదని నా బాధ.

మేమిప్పుడు సీతమ్మధారలో ఉంటున్నాం. మా వంటింటి తలుపుకి ఒక కాగితం అతికించాను. ఎవరు ఏ పని చేసినా పక్కన సమయం రాయాలి. మా అత్తగారిది విజయనగరం వైపు. చూడగానే, “ఏటమ్మా, ఇంటి పనికి కూడా లెక్కలేటి?” అన్నారు. ఆవిడే రెండురోజులయ్యాక నన్ను పిలిచి, గోంగూర వలిచిన అరగంట, బియ్యంలో రాళ్ళు ఏరిన పావుగంట రాయించారు. వారం తిరిగేసరికి కాగితంలో చోటే లేని పనులు బయటపడ్డాయి. గ్యాసు బుక్ చేయడం, పాల లెక్క చూడటం, మామయ్యగారి బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించడం. వీటికి ‘గుర్తుపెట్టుకోవడం’ అని విడిగా ఒక వరస గీశాం. ఆ వరసలో మొదట అంతా నా పేరే. ఇప్పుడు గ్యాసూ పాలూ మా అబ్బాయివి, మాత్రలు మా ఆయనవి. ఒకసారి మాత్రలు అయిపోయాయి. ఆ రాత్రి మందుల షాపుకి ఆయనే పరిగెత్తారు, నేను కదల్లేదు.

ఆదివారం చేపల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. తినడానికి అందరూ ముందుంటారు, పొలుసు తీయడానికి ఎవరూ రారు. దానికి గంటకు గంటన్నర రాయాల్సిందేనని మా అమ్మాయి పట్టు. గంటకు గంటేనని మా ఆయన. ఎవరు తీసినా, వాళ్ళ గంట మాత్రం కాగితంలో పడుతుంది.

సెలవు. నమస్కారం.